ఉత్తి కూర

జగ్గయ్యపేట,
ఆగస్టు 11.

మణికి తస్లీమ్ రాస్తున్నది.

మొన్న వీరులపాడులో మన లెక్కల టీచరుగారి మనవరాలి పెళ్ళిలో నిన్ను నేను గుర్తుపట్టలేదు. నువ్వే వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా ఎవరో లాయరమ్మ అనుకున్నాను. పదకొండు కిలోలు తగ్గానన్నావు. ఎలా తగ్గావని అడిగాను గానీ ఆ బ్యాండు మోతలో నా మాట నీకు వినపడలేదు, నీది నాకు వినపడలేదు. ఫోన్ చేద్దామంటే నీకు చెవులు సరిగా వినపడవు. మెసేజీ పెడదామంటే నా ఫోన్ పొద్దుటి నుంచీ మా టిఫిన్ సెంటర్ బల్ల మీదే ఉంటుంది, వచ్చినవాళ్ళందరూ తొంగి చూస్తారు. అందుకని కాగితం. మా తమ్ముడు మౌలాలి రోజూ ట్రాలీ ఆటోలో నందిగామకు సరుకు తీసుకెళ్తాడు. కోర్టు ముందు నీ బల్ల వాడికి తెలుసు. నువ్వూ వాడికే ఇవ్వు.

సంగతి ఏమిటంటే, నాకు పిల్లలిద్దరూ ఆపరేషన్ మీద పుట్టారు గదా, ఆ కుట్ల దగ్గర ఏడాదిగా గడ్డలాగా పైకి వస్తోంది. పడుకుంటే లోపలికి పోతుంది, పిండి గిన్నె ఎత్తితే పైకి వస్తుంది. విజయవాడలో పెద్ద డాక్టరుకు చూపించాం. హెర్నియా అన్నారు. లోపల వల లాంటిది పెట్టి కుట్టాలట. కానీ ఇప్పుడు కుట్టనన్నారు. నాతో కాదు, మా ఆయన అబ్బాస్‌తో అన్నారు, నేనక్కడ లేనట్టు.

"తొంభై రెండున్నర కిలోలున్నారు. ఈ కొవ్వులో, ఈ షుగర్‌తో కుట్టు నిలబడదండి. మార్చి ఆఖరికి డెబ్బై ఎనిమిదికి తీసుకురండి. మూడు నెలల షుగర్ తొమ్మిదుంది, ఏడుకి రావాలి. ఈలోపల పేగు ఇరుక్కుంటే మాత్రం అప్పటికప్పుడు చెయ్యాలి. అది మంచిది కాదు."

బరువు ఎత్తొద్దన్నారు. నా పనే బరువు ఎత్తడం. ఇప్పుడు గిన్నెలు అబ్బాస్ ఎత్తుతున్నాడు, ఆయనకు నడుము నొప్పి.

కార్బ్స్ తగ్గించమన్నారు. అవేమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నువ్వు చేసింది అదే అనుకుంటాను. ఏం చేశావో రాయి. నువ్వు పదో తరగతిలో కూడా అనుకున్నది చేసేదానివి. నేను నీ పక్కన కూర్చుని చూసేదాన్ని.

తస్లీమ్


నందిగామ,
ఆగస్టు 18.

తస్లీమ్‌కు,

ఉత్తరం చేరింది. ఎవరైనా నాకు చేత్తో రాసి ఎన్నాళ్ళయిందో. నా దగ్గరికి వచ్చేవన్నీ పిటిషన్లూ అఫిడవిట్లే. పొద్దుటి నుంచి అవి కంప్యూటర్లో కొట్టి, సాయంత్రం ఇంటికి వచ్చి నీకు పెన్నుతో రాస్తున్నాను.

నేను చేసింది పెద్దదేమీ కాదు. రెండో అంతస్తులో ఉన్న కోర్టు హాలుకి కాగితాలు పట్టుకెళ్తే మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునేదాన్ని. ఒకరోజు మా హరిచరణ్ లాయరుగారు, "జయమణిగారూ, మీరు పైకొచ్చేలోపల వాయిదా పడుద్దండీ" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజే మొదలుపెట్టాను.

మనలాంటి వాళ్ళకు కార్బ్స్ అంటే అన్నం. అన్నం మానెయ్యి. పంచదార మానెయ్యి. కూర, గుడ్డు, చేప, మాంసం, ఆకుకూర, పెరుగు ఎంత ఆకలైతే అంత తిను. పస్తు ఉండొద్దు. షుగర్ బిళ్ళలు వేసుకుంటున్నావు కాబట్టి మీ డాక్టరుకు చెప్పి మొదలుపెట్టు, బిళ్ళ తగ్గించాల్సి రావచ్చు. అంతే.

ఇంకొక షరతు. రెండు వారాలకొకసారి సోమవారం పొద్దున, నీళ్ళు కూడా తాగకముందు బరువు చూసుకో. ఉన్నది ఉన్నట్టు రాయి. నేనూ రాస్తాను. పెరిగితే పెరిగిందని రాయాలి. దొంగ అంకెలు రాసుకునేటట్టయితే మనకీ ఉత్తరాలు అక్కరలేదు.

ఈ రోజు నాది 70.0.

అత్తమ్మగారికి వందనాలు చెప్పు.

జయమణి


జగ్గయ్యపేట,
సెప్టెంబరు 29.

మణీ,

నా అంకెలు ఇవి. సెప్టెంబరు ఒకటిన 92.4. పదిహేనున 92.1. ఈ రోజు 92.8.

నాకు నీ అంత గట్టితనం లేదని నువ్వు అనుకుంటావు. కానీ ఒట్టు, ఆరు వారాల నుంచీ అన్నం మెతుకు ముట్టలేదు. మా అత్త రహీమాబీ రోజూ ఏడుపు ఒక్కటే తక్కువ. "జొరమొచ్చినోళ్ళు గదే అన్నం మానేది, నీకేం ఖర్మ" అంటుంది. పోయిన శుక్రవారం మా ఆడపడుచు ఇంట్లో బిర్యానీ పెడితే ముక్కలు ఏరుకుని తిన్నాను, మెతుకులు దులిపి మరీ. అందరూ నన్నే చూశారు. టీలో పంచదార మానేశాను, అదే అన్నిటికన్నా కష్టం.

అయినా తగ్గలేదు. షుగర్ చూపిస్తే ఇంకా పెరిగింది. డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి, "మానేశానని చెప్పి అందరూ తింటారులేండి" అంది.

నా ఒళ్ళే అలాంటిదేమో. కొందరికి తగ్గదట. నువ్వు కోప్పడకపోతే ఇది ఇంతటితో ఆపేస్తాను. ఆరు నెలల్లో పద్నాలుగు కిలోలు నా వల్ల అయ్యే పని కాదు. గడ్డ ఉంటే ఉంటుంది, గుడ్డ కట్టుకుని పని చేసుకుంటాను.

తస్లీమ్


నందిగామ,
సెప్టెంబరు 30.

తస్లీమ్,

మౌలాలిని ఇక్కడే కూర్చోబెట్టి రాస్తున్నాను. ఆపొద్దు.

నిన్న పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునేదాకా నోట్లో వేసుకున్న ప్రతిదీ ఈ కాగితం వెనక రాసి పంపు. చారెడైనా సరే.

జయమణి


(అదే కాగితం వెనక)

నాలుగు గంటలకు టీ, పంచదార లేకుండా.
ఏడింటికి మొదటి వాయి ఇడ్లీ, నాలుగు. అల్లం చట్నీ.
తొమ్మిదింటికి ఒక పూరీ, పొంగిందో లేదో చూడటానికి. బొంబాయి చట్నీ.
పదకొండింటికి మిగిలిన ఉప్మా.
మధ్యాహ్నం అన్నం తినలేదు. రెండు దోశలు, కోడికూర.
సాయంత్రం పునుగులు, ఆరో ఏడో.
రాత్రి అన్నం తినలేదు. మూడు ఇడ్లీ, పెరుగు.

అన్నం లేదు, చూడు.


నందిగామ,
అక్టోబరు 1.

తస్లీమ్,

నీ కాగితం చదివి నవ్వాను. ముందే చెబుతున్నాను, నిన్ను చూసి కాదు. నవ్వు అయ్యాక నా మీద నాకు కోపం వచ్చింది.

ఇడ్లీ పిండిలో ఏం నానబోస్తావు? బియ్యపు రవ్వ. దోశ పిండిలో? బియ్యం. పూరీ గోధుమ పిండి, ఉప్మా గోధుమ నూక, పునుగులు మళ్ళీ అదే పిండి. నువ్వు ఆరు వారాలూ పొద్దుటి నుంచి రాత్రి దాకా అన్నమే తిన్నావు. పళ్ళెంలో కాకుండా ప్లేటులో తిన్నావు, అంతే తేడా.

తప్పు నాది. నాకు పొద్దున టిఫిన్ తినే అలవాటు లేదు, టీ తాగి కోర్టుకు పోతాను. నాకు అన్నం ఒక్కటే ఉంది, అది మానేస్తే సరిపోయింది. అదే నీకు రాశాను. టిఫిన్ సెంటర్ నడిపేదానికి ఆ ఒక్క మాట రాస్తే చాలదని నాకు తట్టలేదు.

ఆరు వారాల పాటు బిర్యానీలో మెతుకులు దులుపుకున్నావు. అది నా వల్ల అయ్యేది కాదు. గట్టితనం లేనిది ఎవరికే? నీకు ఉంది. నేనే దాన్ని తప్పు దారిలో పెట్టాను.

ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టు. అన్నం, టిఫిన్, రెండూ.

69.4.

జయమణి


జగ్గయ్యపేట,
అక్టోబరు 20.

మణీ,

నీ ఉత్తరం చదివాక ఇడ్లీ పాత్ర వంక చూడబుద్ధి కాలేదు. ఇరవై రెండేళ్ళ నుంచి నా చేత్తో రవ్వ కడుగుతున్నాను. అది బియ్యమని నాకు తెలుసు. కానీ అన్నమని ఎప్పుడూ అనుకోలేదు.

నన్ను ఒక్కదాన్నే అనకు. శనివారం సాయంత్రం మా బల్లల దగ్గర చోటు ఉండదు. వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉండేవాళ్ళందరూ ఇక్కడికే. "ఇయ్యాల అన్నం ముట్టమండి, ఆ ఇడ్లీ రెండు ప్లేట్లు, అట్టులో ఉప్మా పెట్టి ఒకటి" అంటారు. ఊరు ఊరంతా టిఫిన్ అన్నం కాదని ఒప్పుకున్నాక నేనెంతదాన్ని.

అబ్బాస్‌కు చెబితే పూరీలు ఒత్తే పీట మీద కూర్చుండిపోయి నవ్వాడు. "అన్నం మాని పూరీలు తిన్నదాన్ని నిన్నే చూశా" అన్నాడు. అత్త మాత్రం సంతోషించింది. "అయితే పిల్ల ఇన్నాళ్ళూ అన్నం తింటానే ఉందన్నమాట" అంది.

మళ్ళీ మొదలుపెట్టాను. నువ్వు రాయని కష్టం ఒకటి ఉంది. మన కూరలు అన్నంలోకి చేసేవి. మొదటి రోజు గోంగూర మాంసం గిన్నెలో వేసుకుని ఉత్తి కూర తిన్నాను. నోరు మండిపోయి ఎక్కిళ్ళు వచ్చాయి. అంత ఉప్పు, అంత కారం అన్నం మోస్తుంది, మనిషి మొయ్యలేదు. నాలుగు రోజులు మజ్జిగ తాగుతూ తిన్నాను. తర్వాత తెలిసింది, కారం వెయ్యకముందే నాది వేరే గిన్నెలోకి తీసుకోవాలని. ఇప్పుడు బీరకాయ, సొరకాయ, వంకాయ, కోడి, ఏది చేసినా సగం ఉడికాక నాది ఇవతలికి తీసేసి, చిటికెడు ఉప్పు, మిరియాలు వేసుకుంటున్నాను. నువ్వు ఎలా తిన్నావో నాకు అర్థం కాలేదు.

ఇంకొకటి. చేతికి కలపడానికి ఏమీ ఉండదు. వేళ్ళు ఊరికే గిన్నె చుట్టూ తిరుగుతాయి. చెంచాతో తింటే ఆసుపత్రిలో ఉన్నట్టు ఉంటుంది. అయినా చెంచాయే.

ఈ రోజు 90.1.

తస్లీమ్


నందిగామ,
నవంబరు 3.

తస్లీమ్,

ఎలా తిన్నానంటే, మంట పుడుతుంటే తిన్నాను. కారం వెయ్యకముందు తీసుకోవాలని నాకు తోచలేదు. ఏడాది పాటు నీళ్ళు తాగుతూ తిన్నదాన్ని, నువ్వు పదిరోజుల్లో కనిపెట్టావు. నిన్న నీలాగా చేశాను. దొండకాయ తీపిగా ఉంటుందని ఈ వయసులో తెలిసింది.

నీ సంగతి హరిచరణ్ గారికి చెప్పాను. ఇడ్లీ కథకు నవ్వారు గానీ, తర్వాత, "పొద్దున నాలుగింటి నుంచి పూరీల బాణలి ముందు నిలబడి ఒక్కటి తినకుండా ఉండటం మాటలు కాదండీ" అన్నారు. నాకూ అదే అనిపిస్తుంది. నా ముందు కాగితాలే ఉంటాయి. వాటిని ఎవరూ తినరు.

68.7.

జయమణి


జగ్గయ్యపేట,
డిసెంబరు 15.

మణీ,

డిసెంబరు ఒకటిన 86.2. ఈ రోజూ 86.2. రెండు వారాలు గింజంత కూడా కదల్లేదు. తప్పు ఏమీ తినలేదు. నువ్వు పోయినసారి రాశావు, ఒక్కోసారి ఆగుతుంది, ఆగినప్పుడే ఆగకూడదని. అందుకే ఊరుకున్నాను.

మధ్యలో ఒకరోజు చేతులు వణికి చెమటలు పట్టాయి. షుగర్ బాగా పడిపోయింది. డాక్టరుకు ఫోన్ చేస్తే బిళ్ళ సగం చేశారు. సగం చేసినందుకు నాకు భలే సంతోషం వేసింది.

అన్నిటికన్నా కష్టం ఉప్పు. పిండిలో ఉప్పు సరిపోయిందో లేదో వేలితో నాకి చూసేదాన్ని. చట్నీ అరచేతిలో వేసుకుని చూసేదాన్ని. ఉప్మా చెంచాడు. ఒకరోజు లెక్క పెడితే అలా చూడటమే ఇరవై ఆరుసార్లు వచ్చింది. అబ్బాస్‌ను చూడమన్నాను. ఆయన నాలుక ఉప్పు నాలుక, ఎంత వేసినా ఇంకొంచెం అంటాడు. మూడు రోజులకే జనం మంచినీళ్ళు ఎక్కువ అడగడం మొదలుపెట్టారు. చివరికి ఒక గరిటె పెట్టుకున్నాను. ఇంత పిండికి ఇన్ని గరిటెలు. ఇరవై రెండేళ్ళు నాలుకతో చూసిన ఉప్పును ఇప్పుడు కొలుస్తున్నాను. చిత్రమేమిటంటే రోజూ ఒకే రుచి వస్తోందని అంటున్నారు.

ఇంకొక గొడవ అయింది. పత్తి మిల్లులో గుమాస్తా బుల్లిబాబు రోజూ వస్తాడు. పదిమంది తింటుండగా, "టిఫిన్ సెంటర్ ఆవిడే టిఫిన్ మానేసిందంటే అందులో ఏం కలుపుతందో మరి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఇద్దరు ప్లేట్లు కింద పెట్టి నా వంక చూశారు. ఒక్క ఇడ్లీ వాళ్ళ ముందు తింటే ఆ మాట అక్కడితో పోయేది. చెయ్యి పాత్ర మూత దాకా వెళ్ళింది కూడా. తినలేదు. "నాకు ఆపరేషనుందండీ, డాక్టరుగారు వద్దన్నారు" అని చెప్పి, లోపల నుంచి మా అత్తను పిలిచి ముందు బల్ల మీద కూర్చోబెట్టి నాలుగు ఇడ్లీ పెట్టాను. ఆవిడ ఆరు తింది. అప్పటి నుంచి రోజూ ఏడింటికి వచ్చి అక్కడే కూర్చుంటోంది. బుల్లిబాబు ఆవిణ్ణి "క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ గారూ" అంటున్నాడు. ఇప్పుడు ఆవిడ బరువు పెరుగుతోంది.

క్రిస్మస్ పనుల్లో ఉండి ఉంటావు. నీ అంకె రాయి.

తస్లీమ్


నందిగామ,
జనవరి 12.

తస్లీమ్,

ఆలస్యమైంది. కోర్టు సెలవుల తర్వాత పని ఎక్కువగా ఉంది. అత్తమ్మగారి సంగతి చదివి నవ్వుకున్నాను.

నువ్వు బాగా చేస్తున్నావు. ఆపొద్దు.

నాది 67.5.

జయమణి


జగ్గయ్యపేట,
ఫిబ్రవరి 2.

మణీ,

82.9. జనవరి మధ్యలో ఒకసారి అర కిలో పెరిగింది. ఆడపడుచు కూతురి నిశ్చితార్థంలో ఖుబానీ కా మీఠా అనే తీపి తిన్నాను, ఒక కప్పు. రాయకపోతే నీకు తెలియదు గానీ, షరతు షరతే గదా.

నీ ఉత్తరం చిన్నగా ఉంది. ఒంట్లో బాగానే ఉందా?

తస్లీమ్


నందిగామ,
ఫిబ్రవరి 9.

తస్లీమ్,

బాగానే ఉన్నాను. పని.

66.5.

జయమణి


జగ్గయ్యపేట,
మార్చి 2.

మణీ,

రంజాన్‌లో పన్నెండో రోజు. డాక్టరును అడిగాను. షుగర్ చూసి, బిళ్ళ వేళ మార్చి, కళ్ళు తిరిగితే వెంటనే రోజా విడిచెయ్యాలని చెప్పి, ఉపవాసం ఉండమన్నారు. తెల్లవారకముందు సహరీలో మూడు గుడ్లు, పెరుగు, ఆకుకూర. ఇఫ్తార్‌లో ఒక్క ఖర్జూరం, మాంసం పులుసు. ఇంట్లో అందరికీ గంజి, సమోసాలు, పళ్ళు. సమోసాలు వేయించేది నేనే. రోజంతా నీళ్ళు కూడా లేని నోటికి ఆ వాసన ఎలా ఉంటుందో నీకు చెప్పలేను.

గోడ మీద క్యాలెండర్‌లో ఎడమ పక్క నావి, కుడి పక్క నీవి రాసుకుంటున్నాను. మొన్న నాలుగో రోజున సమోసా చేతిలోకి తీసుకున్నాను కూడా. ఎదురుగా నీ 66.5 ఉంది. చెయ్యి వెనక్కి వచ్చింది. ఒక మనిషి ఏడాదిన్నర నుంచి ఒక్క అడుగు తప్పకుండా నడుస్తుంటే, నేను ఒక నెల నడవలేనా అనుకున్నాను.

ఈ రోజు 80.1. ఇంకా రెండు కిలోల పైన ఉంది. మార్చి 27న చూపించుకోవాలి.

నువ్వు నాతో విజయవాడ రావాలి. నందిగామలో బస్సు ఎక్కు, చోటు ఆపుతాను. డాక్టరుకు నీ గురించి ఫోన్లో చెప్పాను. "ఆవిణ్ణి కూడా తీసుకురండి, మా దగ్గరికొచ్చే వాళ్ళకి చూపిస్తా" అన్నారు.

తస్లీమ్


నందిగామ,
మార్చి 4.

తస్లీమ్,

27న నాకు కుదరదు. హరిచరణ్ గారికి ఆ వారం వాయిదాలు చాలా ఉన్నాయి, నలభై అఫిడవిట్లు కొట్టాలి. అబ్బాస్ గారిని తీసుకుని వెళ్ళు. డాక్టరుగారికి నేను చెప్పానని చెప్పు.

జయమణి


నందిగామ,
మార్చి 7.

తస్లీమ్,

మొన్న రాసింది అబద్ధం. 27న నాకు పనేమీ లేదు.

అంతకుముందువి కూడా అబద్ధాలే. క్రిస్మస్ ముందు రోజు మా చర్చిలో ఆడవాళ్ళం కలిసి అరిసెలు వండాం. ఒకటి తిన్నాను. పండగ అనుకున్నాను. ఇంటికి డబ్బాతో పంపారు. మూడు రోజుల్లో డబ్బా అయిపోయింది. తర్వాత ఎలాగూ అయింది గదా అని అన్నం వండుకున్నాను. జనవరి 12న నేను 70.8 ఉన్నాను. 67.5 అని రాశాను. రెండు వారాల్లో అది నిజం చేద్దామనుకున్నాను, తొందరపడి ముందు రాశానంతే అనుకున్నాను. నిజం కాలేదు. 66.5 రాసినప్పుడు 72.9. ఈ రోజు 74.2.

ఏడాది పాటు అందరూ నన్ను మెచ్చుకున్నారు. మెచ్చుకోవడం ఆగిపోయాక నేనూ ఆగిపోయాను. ఎందుకు రాశానని నన్ను నేను అడిగితే, నువ్వు ఆగిపోతావని భయపడ్డానని చెప్పుకున్నాను. అది కొంత నిజం. మిగతాది సిగ్గు. షరతు పెట్టింది నేను. రోజూ పాతికమంది తరఫున "పైన చెప్పినవన్నీ నిజమని ప్రమాణం చేయుచున్నాను" అని కొట్టేది నేను.

నువ్వు నా అంకె చూసి సమోసా కింద పెట్టావని చదివాక ఇంక దాచలేకపోయాను. 27 దాకా ఆగి చెబితే నీకు మంచిదని కూడా ఆలోచించాను. ఆగితే ఇంకో మూడు వారాలు నువ్వు అబద్ధాన్ని చూసుకుంటూ పస్తుంటావు.

ఒక్కటి అడుగుతాను. నా మీద కోపం తిండి మీద తీర్చుకోవద్దు. నీ లోపల పేగు ఇరుక్కునే భయం ఉంది.

జయమణి


నందిగామ,
మార్చి 22.

తస్లీమ్,

ఈద్ ముబారక్. ఇంట్లో అందరికీ చెప్పు.

మౌలాలిని రోజూ అడుగుతున్నాను. "అక్క ఏం ఇవ్వలేదండి" అంటున్నాడు. నీ ఒంట్లో బాగుందా అంటే, "తిరగతానే ఉందండి" అన్నాడు. అంతకంటే చెప్పడం లేదు.

జవాబు రాయమని అడగడం లేదు. శుక్రవారం వెళ్ళి చూపించుకో. అది చాలు.

73.6. దీన్ని మౌలాలి చూశాడు. ఇక్కడ మందుల షాపు ముందున్న మిషన్ మీద వాడిని పక్కన నిలబెట్టుకుని ఎక్కాను.

జయమణి


జగ్గయ్యపేట,
మార్చి 30.

మణికి,

నీ ఉత్తరం వచ్చిన రోజు ఇఫ్తార్‌లో నాలుగు సమోసాలు తిన్నాను. ఆకలికి కాదు. నాలుగోది తింటుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది. అన్నం మానేశావని ఏడ్చిన మనిషి, "వద్దే, ఇంకెన్నాళ్ళుందని, వద్దు" అంది. ఆవిడకు నీ ఉత్తరం సంగతి తెలియదు. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు క్యాలెండర్‌లో నీ వైపు అంకెలు కొట్టేద్దామని పెన్ను తీశాను. జనవరి నుంచి కొట్టేశాను. కొట్టేశాక నా వైపు చూశాను. 86.2 రెండుసార్లు ఉంది. పెరిగింది కూడా ఒకటి ఉంది. కొట్టెయ్యాల్సింది ఒక్కటీ లేదు. సెప్టెంబరు నుంచి ఆ పక్కన నువ్వే నడుస్తున్నావు, నేను వెనక వస్తున్నాను అనుకున్నాను. రెండు నెలల నుంచి నేను ఒక్కదాన్నే నడుస్తున్నానట. నాకు తెలియలేదు, కాళ్ళు మాత్రం నడిచాయి. ఆ సాయంత్రం సమోసాలు వేయించాను. ఎదురుగా నీ అంకె లేదు. అయినా తినలేదు.

శుక్రవారం వెళ్ళాం. 77.4. మూడు నెలల షుగర్ 6.8. డాక్టరు కాగితం రెండుసార్లు చూసి ఎలా తగ్గారమ్మా అన్నారు. అబ్బాస్ చెప్పబోతే, "ఆవిణ్ణి చెప్పనివ్వండి" అన్నారు. చెప్పాను. కారం వెయ్యకముందు కూర తీసుకోవడం దగ్గర ఆయన పెన్ను తీసి రాసుకున్నారు. నీ గురించి అడిగారు. ఆవిడ మధ్యలో ఆపేసింది, మళ్ళీ మొదలుపెట్టింది అని చెప్పాను. "అందరూ అంతేనమ్మా, ఆ మాట మాత్రం ఎవరూ చెప్పరు" అన్నారు.

నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. కోర్టు పని అన్నావు, నేను నమ్మాను కూడా. ఆ చిన్న ఉత్తరంతో నువ్వు ఊరుకుంటే సరిపోయేది. ఎందుకు ఊరుకోలేదా అని పిండి రుబ్బుకుంటూ చాలాసార్లు ఆలోచించాను. దొంగ అంకెలు రాసినందుకు కోపం పోలేదు. కొన్నాళ్ళు ఉంటుంది, ఉండనీ. కానీ 92.8 దగ్గర నేను ఆపేస్తానంటే మౌలాలిని కూర్చోబెట్టి ఆపొద్దని రాసింది నువ్వే. తప్పు తెలియగానే నాదని ఒప్పుకున్నదీ నువ్వే. రెండుసార్లు ఒప్పుకున్నావు. మా వీధిలో ఒక్కసారి ఒప్పుకున్న మనిషి లేడు.

ఏప్రిల్ ఏడు, మంగళవారం ఆపరేషన్. ఆరున చేరమన్నారు. మూడు రోజులు ఒక ఆడమనిషి తోడు ఉండాలట. అబ్బాస్ ఇక్కడ లేకపోతే టిఫిన్ సెంటర్ మూతపడుతుంది, అత్త అంత దూరం రాలేదు. హరిచరణ్ గారికి ఎన్ని అఫిడవిట్లున్నా సెలవు పెట్టు. నీకు వినపడనిది నేను చెబుతా. నేను లేవలేనప్పుడు నువ్వు లే.

చేరే రోజు నీ తిండి నేను తెస్తాను, రెండు పూటలకీ, తర్వాత ఇంటి నుంచి పంపిస్తారు. మిరియాలు వేసిన బీరకాయ, ఉడికించిన గుడ్లు. క్యాంటీన్ వైపు వెళ్ళొద్దు.

వార్డు గుమ్మం దగ్గర పెద్ద బరువు మిషన్ ఉంది. దాని అంకెలు పెద్దవి, గది అవతలి నుంచి కూడా కనిపిస్తాయి. చేరేటప్పుడు నన్ను ఎక్కిస్తారు.

ముందు నువ్వు ఎక్కు. నేను చూస్తాను.

తస్లీమ్